ట్రిపుల్ ఈ సీజన్‌లో సాయంత్రాలు: మసాచుసెట్స్ తెలుగువాళ్లు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

మా నాన్న మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆగస్టు నెల. సాయంత్రం ఏడింటికి లుంగీ మోకాళ్ల దాకా మడిచి, చేతిలో కాఫీ గ్లాసుతో డెక్ మెట్ల మీద కూర్చున్నారు. దోమలున్నాయి, లోపలికి రండి అంటే నవ్వారు. "మురిక్కాలవ పక్కింట్లో డెబ్బై ఏళ్లు బతికినోణ్ణి. ఈ చలిదేశం దోమ నన్నేం చేస్తుందిరా?" అన్నారు. ఆయన్ని లోపలికి తీసుకురావడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో ఆయనకి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఎండాకాలం అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లకీ, సాయంత్రం క్రికెట్ ఆడేవాళ్లకీ, పిల్లల్ని గుర్రపు స్వారీ క్లాసులకి పంపేవాళ్లకీ పనికొస్తాయి.

దోమకాటుతో వచ్చే ఈ మెదడువాపు జబ్బు పూర్తి పేరు ఈస్టర్న్ ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్. ఇక్కడ అందరూ ట్రిపుల్ ఈ అంటారు. ఈక్వైన్ అంటే గుర్రానికి సంబంధించినది. 1831లోనే ఈ రాష్ట్రంలో గుర్రాలు వరసగా తూలిపడి చచ్చిపోయాయని రికార్డులున్నాయి. వైరస్ దొరికింది మాత్రం 1933లో, చనిపోయిన గుర్రాల మెదళ్లలో. మనుషులకి కూడా సోకుతుందని 1938లో మసాచుసెట్స్‌లోనే తేలింది. అప్పుడు జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది పిల్లలు.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఇది చాలా అరుదు. అమెరికా మొత్తం మీద ఏడాదికి పది చిల్లర కేసులు. బాగా ముదిరిన 2019లో కూడా 38 మందికి వచ్చింది, అందులో 12 మంది ఈ రాష్ట్రంవాళ్లు. వైరస్ ఒంట్లోకి వెళ్లినవాళ్లలో కూడా నూటికి ఐదుగురికి మించి మెదడువాపు రాదు. వస్తే మాత్రం పదిమందిలో ముగ్గురు చనిపోతారు, బతికినవాళ్లలో చాలామందికి నడకో మాటో జ్ఞాపకమో దెబ్బతింటుంది. మనుషులకి టీకా లేదు, వైరస్‌ని చంపే మందు లేదు. పదిహేనేళ్ల లోపువాళ్లకీ యాభై దాటినవాళ్లకీ ముప్పు ఎక్కువ. అంటే మన ఇళ్లలో పిల్లలకీ, వాళ్లని చూసుకోవడానికి వచ్చిన తాతయ్య అమ్మమ్మలకీ. మన చేతిలో ఉన్నదల్లా ఒక్కటే: పొద్దుగూకే వేళ ఎక్కడుంటాం, ఒంటి మీద ఏముంటుంది అన్నది.

1. జులైలో మీ టౌన్ రంగు చూసుకోండి

రాష్ట్ర ఆరోగ్య శాఖవాళ్లు జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా ఊరూరా దోమల్ని పట్టి పరీక్ష చేస్తారు. ఆ ఫలితాలని బట్టి ఒక్కో టౌన్‌కి లో, మోడరేట్, హై, క్రిటికల్ లాంటి రిస్క్ స్థాయి ఇచ్చి, మ్యాప్‌లో రంగులు వేసి పెడతారు. వారానికోసారి చూస్తే చాలు. రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఒరిగేదేం లేదు. ప్లిమత్, బ్రిస్టల్ కౌంటీలు మొదట్నుంచీ దీనికి పెట్టింది పేరు. అలాగని వుస్టర్ వైపు ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండొద్దు. 2024 ఆగస్టులో ఆ ఏడాదికి మొదటి మనిషి కేసు వచ్చింది వుస్టర్ కౌంటీలోని ఆక్స్‌ఫర్డ్‌లోనే.

మ్యాప్‌లో గుర్రం కేసు కనబడితే తేలిగ్గా తీసుకోకండి. ఈ వైరస్ అసలు కాపురం చిత్తడి అడవుల్లో. సీడార్ చెట్లు, ఎర్ర మేపుల్ చెట్ల వేళ్ల కింద గుంటల్లో నిలిచే నీళ్లలో కులిసెటా మెలనూరా అనే దోమ పుడుతుంది. అది కుట్టేది దాదాపుగా పక్షులనే. పిట్ట నుంచి దోమకి, దోమ నుంచి పిట్టకి వైరస్ తిరుగుతూ ఉంటుంది. ఎండాకాలం ముదిరేకొద్దీ ఆ తిరగడం ఎక్కువై, పిట్టల్నీ మనుషుల్నీ కూడా కుట్టే వేరే రకం దోమలకి అంటుతుంది. అవే మన దగ్గరికీ గుర్రాల దగ్గరికీ మోసుకొస్తాయి. కాబట్టి ఒక గుర్రం పడిపోయిందంటే, మనుషుల్ని కుట్టే దోమల్లోకి వైరస్ వచ్చేసిందని అర్థం. టౌన్ రిస్క్ స్థాయి కూడా సాధారణంగా అప్పుడు పైకి జరుగుతుంది.

2. గుర్రాల దగ్గరికి వెళ్లే పిల్లలుంటే

గుర్రం నుంచి మనిషికి ఇది అంటదు. మనిషి నుంచి మనిషికీ అంటదు. గుర్రం రక్తంలో కానీ మన రక్తంలో కానీ, కుట్టిన దోమకి అంటించేంత వైరస్ చేరదు. వచ్చిన వైరస్ అక్కడితో ఆగిపోతుంది. మా అమ్మాయి స్వారీ క్లాసు మానిపించేద్దామని మా ఆవిడ అన్నప్పుడు నేను చెప్పింది ఇదే. మానిపించాల్సింది క్లాసు కాదు, సాయంత్రం ఆరున్నర బ్యాచ్. శనివారం పొద్దున పదింటికి మార్పించుకున్నాం.

బార్న్‌వాళ్లని ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: ఈ వసంతంలో టీకా వేశారా? గుర్రాలకి దీనికి మంచి టీకా ఉంది. దోమలు రాకముందే, వసంతంలో ఏటా వేయించాలి. ఎప్పుడూ వేయని గుర్రానికైతే మొదట నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ముప్పు ఎక్కువున్న చోట్ల ఏడాదికి రెండుసార్లు వేయమని వెటర్నరీ డాక్టర్లే చెబుతారు. మేం వెళ్లే బార్న్ నడిపే ఆవిడని అడిగితే ఏమీ అనుకోలేదు సరికదా, ఫీడ్ రూమ్ తలుపుకి అంటించిన కాగితం చూపించింది. గుర్రం పేరు, పక్కన టీకా తేదీలు. ఒక ముసలి పోనీ పేరు పక్కన మాత్రం ఖాళీ ఉంది. పోయిన వారమే కొన్నారట, డాక్టరు గురువారం వస్తారట.

మీకే గుర్రం ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి: మేత మానేయడం, జ్వరం, పెదవి వేలాడిపోవడం, తల తీసుకెళ్లి గోడకి ఆనించి నిలబడటం, ఒకే వైపు గుండ్రంగా తిరగడం, కాళ్లు తడబడటం. టీకా లేని గుర్రానికి వస్తే పదింట తొమ్మిది చచ్చిపోతాయి, అదీ రెండు మూడు రోజుల్లో. చూసిన వెంటనే ఫోన్ చేయాలి. అవే లక్షణాలు రేబిస్‌లోనూ ఉండొచ్చు కాబట్టి డాక్టర్ వచ్చేదాకా నోట్లో చేయి పెట్టడం లాంటివి వద్దు.

3. ఇంటి చుట్టూ: బకెట్ బోర్లించడం మంచిదే, కానీ

మనకి చిన్నప్పట్నుంచి డెంగీ, చికున్‌గున్యా పాఠాలు నూరిపోశారు కదా. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కూలర్ నీళ్లు. ఇక్కడ కూడా అలవాటుగా బకెట్లు బోర్లించి పని అయిపోయిందనుకుంటాం. బోర్లించండి, వెస్ట్ నైల్ వైరస్‌ని మోసే దోమలు తగ్గుతాయి. కానీ ట్రిపుల్ ఈ దోమ మీ బకెట్‌లో పుట్టింది కాదు. దీన్ని మనుషుల దాకా తెస్తుందని అనుమానించే దోమల్లో ఒకటి జమ్ము పెరిగే మడుగుల్లో పుడుతుంది. దాని పిల్ల నీళ్ల పైకి రానే రాదు. జమ్ము వేరులోకి గొట్టంలాంటిది గుచ్చి, ఆ మొక్కలో ఉన్న గాలే పీలుస్తూ బురదలో చలికాలమంతా గడిపేస్తుంది. పైన మందు చల్లినా దానికి పెద్దగా తగలదు. మీ ఇంటి వెనక జమ్ము మడుగుంటే అది పీకడం మీ పని కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. అటువైపు సాయంత్రం వాకింగ్ మానేయడం మాత్రం మీ చేతిలో పని.

దోమ తెరలకి ఒక శనివారం కేటాయించండి. రాత్రి గదిలో లైటేసి, మీరు బయట నిలబడి కిటికీలు ఒక్కోటీ చూడండి. పగలు కనబడని చిరుగులు అప్పుడు కనబడతాయి. మా వంటింటి కిటికీకి పైమూల బొటనవేలు పట్టేంత కంత ఉంది, మూడేళ్లుగా ఎవరూ చూడలేదు. అతికించే స్క్రీన్ టేపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. స్లైడింగ్ డోర్ తెర కింద ఖాళీ ఉంటే అది కూడా సరిచేయించండి.

డెక్ మీద కూర్చోక తప్పదంటే టేబుల్ ఫ్యాన్ కాదు, పెద్ద బాక్స్ ఫ్యాన్ కాళ్లవైపు పెట్టండి. దోమ ఎగరడంలో చాలా బలహీనం, గాలికి ఎదురు రాలేదు. దోమల బ్యాట్‌తో కొడితే తృప్తి ఉంటుంది, అంతకుమించి ఏం లేదు.

మందు చల్లుతున్నామని టౌన్ ప్రకటిస్తే, అది ట్రక్కుతో అయినా విమానంతో అయినా, ఆ రాత్రి కిటికీలు మూసి, పిల్లల బొమ్మలు, కుక్క గిన్నె లోపల పెట్టేయండి. పెరట్లో వేసిన గోంగూర, తోటకూర మర్నాడు కోసుకోవచ్చు, బాగా కడిగి వండుకోండి.

4. ఒంటికి రాసుకునేది

డబ్బా మీద బొమ్మలు కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. డీట్, పికారిడిన్, ఐఆర్3535, ఆయిల్ ఆఫ్ లెమన్ యూకలిప్టస్, వీటిలో ఏదో ఒకటి ఉండాలి, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వేపనూనె, కర్పూరం, అగరొత్తుల పొగని మెదడువాపు తెచ్చే దోమ దగ్గర నమ్ముకోవద్దు. సూట్‌కేసులో ఊరి నుంచి వచ్చిన క్రీములు కూడా పక్కన పెట్టి, ఇక్కడిది ఒక డబ్బా కొనండి. డీట్ అయితే ఇరవై నుంచి ముప్పై శాతం చాలు. వంద శాతం డబ్బా కొంటే ఎక్కువసేపు పనిచేస్తుందే తప్ప ఎక్కువ గట్టిగా పనిచేయదు.

రెండు నెలల లోపు పసిపిల్లలకి డీట్ రాయకూడదు. స్ట్రోలర్ మీద దోమతెర వేయండి. మూడేళ్ల లోపువాళ్లకి లెమన్ యూకలిప్టస్ వద్దు. పిల్లలకి పెద్దవాళ్లే రాయాలి, ముందు తమ చేతిలో వేసుకుని ఆ చేత్తో. వాళ్ల అరచేతులకీ కళ్ల చుట్టూ వద్దు. సన్‌స్క్రీన్ రాసేది ఉంటే అది ముందు, ఇది తర్వాత.

మనవాళ్ల విషయంలో ఏ కరపత్రంలోనూ రాయని సంగతి ఒకటుంది. మనం చేత్తో తింటాం. పాట్‌లక్‌లో స్ప్రే కొట్టుకుని, అదే చేత్తో పులిహోర కలుపుకుంటాం. కాబట్టి ఆ వరస మార్చుకోండి: తినేసి, చేయి కడుక్కుని, తర్వాత రాసుకోండి. ముందే రాసుకుంటే తినేముందు సబ్బుతో కడగండి. రాసుకోవడం మర్చిపోయే చోట్లు కూడా మనకి వేరే ఉన్నాయి: చీర కట్టుకుంటే నడుం, వీపు మీద జాకెట్టు కింది భాగం, లుంగీ కడితే పిక్కలు, చీలమండలు. నాన్నకి ఇప్పుడు సాయంత్రం పైజమా, మేజోళ్లు. మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటైంది.

బట్టలకి కొట్టే పర్మెత్రిన్ వేరే. అది చర్మం మీద వేసుకోకూడదు. బయట ఆరేసి కొట్టి, పూర్తిగా ఆరాక తొడుక్కోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే తడి ఆరేదాకా ఆ దరిదాపులకి రానివ్వద్దు, పిల్లులకి అది విషం.

5. పండగలు, మ్యాచ్‌లు పగటికి జరపండి

అన్నిటికంటే గట్టి గొడవ ఇక్కడే జరుగుతుంది. ట్రిపుల్ ఈ బాగా ముదిరేది ఆగస్టు, సెప్టెంబరు. సరిగ్గా అప్పుడే వినాయక చవితి, ఆ వెనకే బతుకమ్మ. 2024లో ఆక్స్‌ఫర్డ్, డగ్లస్, సట్టన్, వెబ్‌స్టర్ టౌన్లలో సెప్టెంబరు నెలాఖరు దాకా సాయంత్రం ఆరుకల్లా, అక్టోబరు ఒకటి నుంచి ఐదుకల్లా బయటి కార్యక్రమాలు ముగించుకోమని సూచించారు. ప్లిమత్‌లో పార్కులు, మైదానాలు పొద్దుగూకినప్పట్నుంచి తెల్లారేదాకా మూసేశారు. ఆ ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ పడింది అక్టోబరు రెండున. ఐదింటికల్లా బతుకమ్మ అయిపోవాలంటే పెద్దవాళ్లు ఒప్పుకుంటారా? "పట్టపగలు బతుకమ్మేంది" అని మా పక్కవీధి పెద్దమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.

రెండే దార్లు. స్కూల్ జిమ్ లాంటిది అద్దెకి తీసుకుని లోపల ఆడటం, లేదా శనివారం మధ్యాహ్నం రెండింటికి బయట ఆడి నాలుగున్నరకి పళ్లేలు సర్దేయడం. జిమ్ కావాలంటే ఆగస్టులోనే బుక్ చేయాలి, తర్వాత దొరకదు. నిమజ్జనం చెరువు దగ్గరైతే ఇంకా జాగ్రత్త. చెరువు గట్టున జమ్ము ఉంటుంది, జనం సందడిలో టైమ్ తెలియదు. మూడింటికి మొదలుపెట్టి ఐదింటికి కార్లెక్కేలా చూసుకోండి, ప్రసాదాలు ఇంటికొచ్చాక పంచుకోవచ్చు.

క్రికెట్‌వాళ్లకి ఒక మాట. ఆఫీసయ్యాక ఐదున్నరకి టాస్ వేసే లీగ్ మ్యాచ్ ఎనిమిదింటి దాకా నడుస్తుంది. బౌండరీ దగ్గర చెట్ల కింద నిలబడే ఫీల్డరే అందరికంటే ఎక్కువ కుట్టించుకునేది. మీ టౌన్ హైకి చేరితే ఆ మ్యాచ్‌లని వారాంతం పగటికి మార్చండి. మరీ తెల్లారగట్ల కూడా వద్దు, సూర్యుడొచ్చి మంచు ఆరాక మొదలుపెట్టండి. లీగ్ కమిటీ మొండికేస్తే టౌన్ ఆరోగ్య బోర్డు నోటీసు గ్రూపులో పెట్టండి. గ్రౌండ్ పర్మిట్ ఇచ్చేది అదే టౌన్ కాబట్టి మాట చెల్లుతుంది.

6. జ్వరం వస్తే

దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజుల్లో బయటపడుతుంది. మొదట మామూలు జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు. చాలామందికి అక్కడితో తగ్గిపోతుంది. తగ్గకుండా ఈ కిందివి మొదలైతే ఇంట్లో ఉంచుకునే జబ్బు కాదు: భరించలేని తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, మగతగా ఉండి లేపినా సరిగ్గా లేవకపోవడం, మాట పొంతన లేకపోవడం, ఫిట్స్. పసిపిల్లలైతే పాలు తాగకుండా, ఆగకుండా ఏడవడం, ఒళ్లు వేలాడేయడం.

పెద్దవాళ్లు జ్వరం చెప్పరు. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో 650 వేసుకుని, పిల్లలకెందుకు ఇబ్బంది అని దుప్పటి కప్పుకుంటారు. కాబట్టి ఈ సీజన్‌లో "ఎలా ఉన్నారు?" అని అడగడం కాదు, "మాత్ర ఏదైనా వేసుకున్నారా?" అని అడగండి. నిన్నటికీ ఇవాళ్టికీ మనిషి మాటలో తేడా కనబడితే 911 చేయండి, మీరే కారు నడుపుకుంటూ వెళ్లకండి. ఇన్సూరెన్స్ లేదని ఆగొద్దు. ప్రాణం మీదికొచ్చి ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్లని డబ్బు కోసం తిప్పి పంపడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. విజిటర్ ఇన్సూరెన్స్ మాత్రం టికెట్‌తో పాటే కొనేసి, కార్డు ఫొటో మీ ఫోన్‌లోనూ, మీ ఆవిడ లేదా ఆయన ఫోన్‌లోనూ పెట్టుకోండి.

ఆసుపత్రిలో అడక్కముందే చెప్పాల్సినవి: ఏ టౌన్‌లో ఉంటున్నారు, గత రెండు వారాల్లో సాయంత్రాలు ఎక్కడ గడిపారు, దోమలు కుట్టాయా, ఇండియా నుంచి ఎప్పుడొచ్చారు. ఆ చివరిది ముఖ్యం. అక్కణ్ణుంచి ఈమధ్యే వచ్చినవాళ్లయితే డాక్టర్లు మలేరియా, డెంగీ, జపనీస్ మెదడువాపు కూడా చూడాలి. నర్సు అడిగితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, ఫోన్‌లోనో వీడియోలోనో డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేస్తారు. మగతలో ఉన్న మనిషి ఇంగ్లిష్‌లో తడబడితే అది జబ్బు వల్లా, భాష వల్లా అన్నది డాక్టరుకి తెలియదు.

వెన్ను నుంచి నీరు తీయాలంటారు. మనవాళ్లు అక్కడ బెదిరిపోతారు, నడుం పడిపోతుందని. సూది వేసేది వెన్నుపాము అయిపోయిన చోటుకి కింద. ఆ నీళ్లలోనూ రక్తంలోనూ ఈ వైరస్‌కి ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తేనే జబ్బు తేలేది. తేలాక ప్రత్యేకంగా ఇచ్చే మందు లేకపోయినా, ఫిట్స్ ఆపడం, మెదడు వాపు తగ్గించడం, అవసరమైతే శ్వాస యంత్రం పెట్టడం అన్నీ వెంటనే చేయాల్సినవే. సంతకం కోసం రెండు గంటలు ఇండియాకి ఫోన్లు తిప్పుతూ కూర్చోకండి.

చాలామంది అడిగే రెండు ప్రశ్నలు. ఊళ్లో పిల్లలకి వేయించిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా దీనికి పనిచేస్తుందా? పనిచేయదు, ఆ వైరస్ కుటుంబమే వేరు. చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్లకి రక్షణ ఉంటుందా? చికున్‌గున్యా, ట్రిపుల్ ఈ రెండూ ఆల్ఫావైరస్‌లే, దాయాదులే. కానీ ఆ చుట్టరికాన్ని నమ్ముకుని డెక్ మీద కూర్చోలేం.

7. ఎప్పుడు ఆపొచ్చు

క్యాలెండర్‌లో తేదీ చూసి కాదు. ఉష్ణోగ్రత 28 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగే గట్టి మంచు మీ టౌన్‌లో పడాలి. అప్పుడే ఎగిరే దోమలు చస్తాయి. కారు అద్దం మీద తెల్లగా పొర కనబడితే చాలదు, అది 32 దగ్గర కూడా వస్తుంది. పక్క టౌన్‌లో పడితే మీ దగ్గర పడ్డట్టు కాదు, బోస్టన్ దగ్గర, సముద్రం ఒడ్డున ఆలస్యంగా పడుతుంది. టౌన్ ఆరోగ్య బోర్డు పేజీలో రాస్తారు, అది చూసి నిర్ణయించుకోండి. నాన్న ఇప్పుడు ఊళ్లో ఉన్నా అక్టోబరులో వీడియో కాల్‌లో మొదట అడిగేది అదే: "ఇరవై ఎనిమిదికి దిగిందా?"